సముద్రం వైపు దండోరా

లేమికి రెండు రోజుల ముందు

ఇది ఆఫీసు పుస్తకం కాదు, నా సొంతానిది. ఆఫీసు పుస్తకంలో ఒక్కో గడిలో ఒక్కో మాటే పడుతుంది. నాకు అంతటితో సరిపోదని ఈ పాటికి అందరికీ తెలుసు.

పేరు నాగావళి. కొత్తగట్టు పురపాలక సంఘంలో మిగులు ఆస్తుల గుమస్తాని. ఊరికి ఇక అక్కర్లేదనుకున్న వస్తువును పద్ధతి ప్రకారం వదిలించడం నా పని. పాత ఊరు గట్టు కింద మునిగి డెబ్భై ఏళ్ళయినా దాని సామాను మాత్రం ఇంకా తరగలేదు. ఇప్పటిదాకా నాలుగు రంగుదీపాల స్తంభాలు, ఒక బస్సు షెల్టరు, కొంత రైలుపట్టా అమ్మాను. బస్సంటే ఏమిటో కొన్నవాడికీ తెలియదు, అమ్మిన నాకూ తెలియదు. షెల్టరు మేకలకు బాగా పనికొస్తోందట.

ఈసారి మా కమిషనర్ జోగారావు గారు నా బల్ల మీద పెట్టిన ఫైలు పెద్దది. తీర ధ్వని స్తంభం. ఊళ్ళో అందరూ గుమ్ముకంబం అంటారు. గట్టు చివర, సముద్రంలోకి పొడుచుకుపోయిన రాళ్ళ మీద ఆరు తాటిచెట్ల ఎత్తున నిలబడి, అలలతో తిరిగే చక్రం బలంతో పగలూ రాత్రీ గుమ్మంటూ ఉంటుంది. నేను పుట్టినప్పటి నుంచీ ఆ మోత ఆగగా వినలేదు. అసలు దాన్ని విన్నానని కూడా చెప్పలేను, మన ఊపిరి మనకు వినపడదు కదా.

ఫైలు మొదటి పేజీలో స్తంభం ఎందుకు కట్టారో ఉంది. ఊరు మునిగిన కొత్తలో తుఫాను అలలు విరగడానికని పెద్దవాళ్ళు తేలే మడ అడవిని పెంచారు. అది నీళ్ళ మీదే బతుకుతుంది, నీళ్ళ మీదే నడుస్తుంది. చెప్పినంత వరకు పెరిగి ఆగలేదు. పడవల దారి మూసేసింది. దాన్ని మోతతో దూరంగా తోలడానికి ఈ కంబం నాటారు. అడవి వెళ్ళిపోయింది. ఆ తరువాత దాన్ని చూసినవాళ్ళు లేరు.

"చచ్చి యాభై ఏళ్ళయిందండీ ఆ అడవి" అన్నారు కమిషనర్ గారు. "పైగట్టు వాళ్ళు ఆ లోహం కరిగించుకుని, బదులుగా మనకు ఎనిమిది తూము తలుపులిస్తామంటున్నారు. తుఫానులకు రెండు నెలలు కూడా లేదు. మన తలుపులు చూశారుగా, గోరుతో గీకితే ఊడొస్తున్నాయి. మీ పద్ధతులేవో తొందరగా కానిచ్చేయండి."

మా పద్ధతి తొందరగా అయ్యేది కాదు. ఊరి వస్తువు ఏదైనా అమ్మే ముందు ఇరవై ఒక్క రోజులు అది లేకుండా ఊరు బతికి చూడాలి. దీన్ని లేమి అంటాం. ఆ వస్తువు పక్కన నేను బల్ల వేసుకుని లోటు పుస్తకం తెరిచి కూర్చుంటాను. అది లేక ఇబ్బంది పడినవాళ్ళు ఎవరైనా వచ్చి రాయవచ్చు. కొట్టివేయకుండా ఒక్క లోటు మిగిలినా అమ్మకం ఆగిపోతుంది. ఒక్కటీ మిగలకపోతే అమ్మేస్తాం. ఒకసారి అమ్మినదాన్ని మళ్ళీ కొనకూడదు.

దండోరా రోజు

అమ్మకం సంగతి ఆస్తికి నాలుగు వైపులా చాటాలి. ప్రతి వైపూ విన్నవాళ్ళ చేత "అందింది" అని సంతకం తీసుకోవాలి. గుమ్ముకంబానికి పడమర ఒక్కటే నేల. మిగతా మూడూ సముద్రమే.

నా ముందు గుమస్తా అయితే నిలబడ్డ చోటే గిర్రున తిరిగి నాలుగు కేకలు వేసి ఇంటికి పోయేవాడు. నాకు అలా చేతకాదు. నూకరత్నం పడవ మాట్లాడుకుని, మెడలో డప్పు వేసుకుని బయల్దేరాను. ఆమె వేటకు పోయే మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దది, రత్నప్పా అని పిలుస్తాను. పాత ఊరి మేడల మీదుగా పడవ పోతూ ఉంటే కింద వీధులు పచ్చగా కనిపించాయి.

తూర్పు వైపు పడవ ఆపించి లేచి నిలబడ్డాను. డప్పు కొట్టి, గొంతు ఎత్తి చాటాను. "కొత్తగట్టు పురపాలక సంఘం వారి ప్రకటనహో! తీర ధ్వని స్తంభాన్ని అమ్మబోతున్నామహో! ఇది లేకపోతే లోటు పడేవారూ, దీంతో పని ఉన్నవారూ, ఎవరైనా సరే, ఇరవై ఒక్క రోజుల్లోగా వచ్చి చెప్పుకోవచ్చునహో!"

నూకరత్నం తెడ్డు వదిలేసి కడుపు పట్టుకుని నవ్వింది. "ఎవులికే అమ్మీ సెప్తన్నావు? సేపలకా?"

"ఎవరుంటే వాళ్ళకి."

"ఓలమ్మో, రొయ్యలొచ్చి ఏలిముద్దరేత్తాయేమో సూసుకో."

ఉత్తరం వైపూ చాటాను. దక్షిణం వైపూ చాటాను. పడమర వైపు టీ బడ్డీ ఆయన సంతకం పెట్టాడు. మిగతా మూడు గడులూ ఖాళీగా ఉండిపోయాయి. ఖాళీ గడి ఉంటే నాకు అన్నం సహించదు.

లేమి, ఒకటో రోజు

పొద్దున్నే కంబం ఆపాం. ఆపినవాడు అసిరయ్య మావ. కంబం చూసుకునే మనిషి. ఇరవై రెండో ఏట పనిలో చేరాడు, ఇప్పుడు అరవై రెండు. కాపురం కూడా కంబం మొదట్లో ఉన్న గదిలోనే. రోజూ చీకటి విడవగానే నడుం లోతు నీళ్ళలో దిగి, చక్రానికి పట్టిన గుల్లలు గోకి, నూనె వేసి, కంబానికి అరచెయ్యి ఆనించి మోత సరిగా ఉందో లేదో చూసుకుని, పానాతో బిగించి పైకి వస్తాడు. కంబం అమ్ముడుపోతే పనితో పాటు గదీ పోతుంది. ఆ సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తిన సంగతి వేరు.

"ఇది ఊత్తే ఏటవుతాదో నానెప్పుడూ సూడనేదు నాగమ్మా. ఊదకపోతే ఏటవుతాదో ఇప్పుడు సూడాల." మీట మీద చెయ్యి వేశాడు. "ఏటీ అవకపోతే? నలభై ఏళ్ళు ఉత్తినే ఊదినట్టే గదమ్మా?"

ఆయన మీట దించాడు.

మోత ఆగిన క్షణం కాళ్ళ కింద నేల ఎవరో లాగేసినట్టయింది. గట్టు మీద ఉన్నవాళ్ళంతా చేస్తున్న పని ఆపేశారు. టీ బడ్డీ ఆయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

కంబాన్ని చూసుకునే మనిషి కూడా లోటు రాయవచ్చు. కాకపోతే ఆఖరి రోజున, అందరి తరువాత రాయాలి. ఈ నిబంధన ఒక రోడ్డు రోలరు వల్ల వచ్చింది. దాన్ని అమ్మబోతే మొదటి రోజే డ్రైవరు వచ్చి ఏడ్చాడట. జాలిపడి ఊరంతా లోటు రాసేశారు. అందుకే మా ఊళ్ళో ఒక్క రోడ్డూ లేదు గాని రోలరు మాత్రం ఉంది.

రెండో రోజు

ఇది రాసి తీరాలి. పొద్దున చెంబుతో నీళ్ళు ముంచుకుని బల్ల మీద పెట్టాను. నీళ్ళు కదలడం లేదు.

నేను పుట్టాక నిలకడగా ఉన్న నీళ్ళు చూడలేదు. మా ఊళ్ళో గ్లాసులో, బిందెలో, గాబులో ఎక్కడైనా నీళ్ళ మీద సన్నగా గుండ్రని ముడతలు వస్తూనే ఉంటాయి. నీళ్ళంటే అంతే అనుకున్నాం. ఈరోజు ఊళ్ళో ఆడా మగా అందరూ బిందెలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. నూకరత్నం గాబు మీదికి వంగి, "ఇదేటే, నా మొకం లోన పడుకున్నాది" అంది. చాలాసేపు లేవలేదు.

లోటు పుస్తకంలో ఎవరూ ఏమీ రాయలేదు.

నాలుగో రోజు

ఒక తల్లి నెలల బిడ్డను ఎత్తుకుని వచ్చింది. మోత లేక బిడ్డ మూడు రోజులుగా నిద్రపోవడం లేదట. నేను కలం తీసేలోపే అసిరయ్య మావ బిడ్డను అందుకుని గుండెకు ఆనించుకుని, పెదాలు మూసి గొంతులోంచి సన్నగా గుమ్మన్నాడు. అచ్చం కంబం మోతే. నలభై ఏళ్ళు రోజూ అరచేత్తో కొలిచిన స్వరం గొంతులోకి దిగకుండా ఎక్కడికి పోతుంది. బిడ్డ రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

"మావ గొంతు ఉంటే సాలు. కంబమెందుకు" అంటూ తల్లి రాయకుండానే వెళ్ళిపోయింది.

మంచి చేసి తన పుస్తకాన్ని తనే ఖాళీగా ఉంచుకున్నాడు. ఆ మాట నేను పైకి అనలేదు. గుమస్తా ఎవరినీ రాయమనకూడదు, రాయొద్దనకూడదు.

ఎనిమిదో రోజు

ఏమీ లేదు. పుస్తకం ఖాళీ. అసిరయ్య మావ రోజంతా నా బల్ల పక్కనే కూర్చుని పానా తుడుస్తున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ మిగల్లేదు. మధ్యాహ్నం నేను తెచ్చిన అన్నంలో సగం పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

"రాసేవోలెవులూ రానేదా?" అని సాయంత్రం అడిగాడు. తల అడ్డంగా ఊపాను. నాకు ఈ ఉద్యోగం మీద మొదటిసారి కోపం వచ్చింది.

పన్నెండో రోజు

సముద్రం మీంచి మట్టివాసన వస్తోంది. తొలివాన పడ్డప్పటి వాసన. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

ఊళ్ళో సగం మంది ముక్కులు ఎగబీలుస్తూ గట్టు మీదికి వచ్చారు. కమిషనర్ గారు కూడా వచ్చి, ఎక్కడో ఏదో కుళ్ళిందని తేల్చి వెళ్ళిపోయారు. కుళ్ళు వాసన నాకు తెలుసు, మునిగిన ఊరి పక్కనే పుట్టి పెరిగాను. ఇది ఏదో బతికి ఉన్నదాని వాసన.

పదమూడో రోజు

తూర్పున నీళ్ళూ ఆకాశమూ కలిసే చోట ఆకుపచ్చ గీత. పొద్దున దారం మందంలో ఉంది. మధ్యాహ్నానికి వేలు మందం అయింది. సాయంత్రానికి అది తూర్పునే కాదు, ఉత్తరానా ఉంది, దక్షిణానా ఉంది.

నేను చాటిన మూడు వైపులా ఉంది.

పద్నాలుగో రోజు

అది వచ్చింది.

ఎలా రాయాలో తెలియడం లేదు. ఆఫీసు గడుల్లో పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటాయి. దీనికి ఏ గడీ చాలదు. తెల్లారేసరికి గట్టుకు అరమైలు దూరంలో ఉంది. చప్పుడు లేదు. నీళ్ళ మీద అడవి అడవంతా నడిచి వస్తోంది. అంచున ఉన్న చెట్లు మనిషి ఎత్తు, వాటి వెనక మేడ ఎత్తు, ఇంకా వెనక గుమ్ముకంబానికి రెండింతలు. వేళ్ళు ఒకటి ఎత్తి ఒకటి వేస్తూ నీటిని తడుముకుంటూ వస్తున్నాయి. కొమ్మల మీద నేనెన్నడూ చూడని ఎర్రకాళ్ళ పిట్టలు వేలకు వేలు. ఆకు దొన్నెల్లో వాన నీళ్ళు. చెట్టుకూ చెట్టుకూ మధ్య అద్దాల్లాంటి మడుగులు, వాటిలో రొయ్యల గుంపులు.

గట్టు మీద ఊరంతా ఉంది. భయం వేసింది. అంతకంటే ఎక్కువగా, ఇది చూడడానికే పుట్టానేమో అనిపించింది. సిగ్గు లేకుండా ఏడ్చాను.

నడుం లోతు నీళ్ళ దగ్గర అది ఆగింది. తనంత తానే ఆగింది. సరిగ్గా కంబం చుట్టూ మూడు వైపులా.

అసిరయ్య మావ రాళ్ళ మీద చతికిలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "సూసినావా నాగమ్మా," అన్నాడు, "ఉత్తినే ఊదనేదు. నానుత్తినే ఊదనేదు. దీన్నంతట్నీ నాను ఒక్కడినే ఆపినాను!" కాసేపటికి అదే మాట మళ్ళీ అన్నాడు. ఈసారి గొంతులో గర్వం లేదు. "దీన్నంతట్నీ నాను ఆపినాను."

గడువుకు ఇంకా ఏడు రోజులున్నాయి. అంటే అడవి గడువు లోపలే వచ్చింది.

పదిహేనో రోజు

కమిషనర్ గారు పరుగున వచ్చారు. "అమ్మకం లేదు, గిమ్మకం లేదు. ఇప్పుడే కంబం వేయించండి."

"గడువు దాకా లేమి ఆపకూడదండి. అమ్మకం ఆపాలన్నా పుస్తకంలో లోటు లేదు."

"ఎదురుగుండా కనపడుతోంటే లోటు లేదంటారేమిటి!"

"కనపడుతున్నది రాయాలండి, ఎవరో ఒకరు."

రాసింది నూకరత్నం. పడవలన్నీ గట్టుకూ అడవికీ మధ్య ఇరుక్కుపోయాయి. నిన్నటి నుంచి వేట లేదు. ఆమె వచ్చి నా ముఖం చూడకుండా కలం తీసుకుని, వస్తువు పేరు రాసే గడిలో "కంబం" అనీ, లోటు గడిలో "దారి" అనీ రాసి సంతకం పెట్టింది. పద్నాలుగు రోజుల తరువాత మొదటి లోటు. న్యాయమైన లోటు.

అది ఇరవై ఒకటో రోజు దాకా అలాగే ఉంటే అమ్మకం ఆగుతుంది, కంబం మళ్ళీ మోగుతుంది, అడవి వెళ్ళిపోతుంది. అసిరయ్య మావకు పని, గది, పరువు మూడూ దక్కుతాయి. కొట్టేయగలిగింది నూకరత్నం ఒక్కతే, అదీ తన చేత్తోనే. నేను నోరు విప్పకూడదు.

అసిరయ్య మావ సంతోషిస్తాడనుకున్నాను. ఆయన అటు తిరిగి అడవినే చూస్తున్నాడు.

పదహారో రోజు

అడవి మీద నడిచాం. అసిరయ్య మావ, నేను.

వేళ్ళు ఒకదానిలో ఒకటి అల్లుకుని చాప పరిచినట్టు ఉంది. అడుగు వేస్తే కొంచెం దిగి మళ్ళీ లేస్తుంది. లోపలికి వెళ్ళాక నేను "మావా, జాగ్రత్త" అన్నాను. ఆ మాటకు చుట్టూ ఆకులన్నీ నా వైపు తిరిగాయి. పైన పచ్చన, అడుగున వెండి తెలుపు. చుట్టూ చెట్లన్నీ ఒక్కసారిగా తెల్లబడ్డాయి. నేను మాట ఆపగానే నెమ్మదిగా మళ్ళీ పచ్చబడ్డాయి.

"మన మాట ఇంటన్నాది" అన్నాడు అసిరయ్య మావ. ఆకులు ఆయన వైపు తిరిగాయి.

అప్పుడు ఆయనకు ఏమనిపించిందో, పెదాలు మూసి, ఆ బిడ్డకు పాడినట్టే సన్నగా గుమ్మన్నాడు. ఎదురుగా ఉన్న ఆకులు అత్తిపత్తిలా ముడుచుకున్నాయి. వేళ్ళు ఒక్కొక్కటే విడివడి పక్కకు జరిగాయి. మా ముందు పడవ పట్టేంత నీటిదారి తెరుచుకుని, కొమ్మల నడుమగా అవతలి సముద్రం దాకా పోయింది. గొంతు ఆపాక, కాసేపటికి మళ్ళీ మెల్లగా అల్లుకుంది.

అసిరయ్య మావ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మెల్లగా అంటే సాలు, దారి ఇత్తాది" అన్నాడు. "మనమేమో పగలూ రేత్రీ దీని సెవిలో అరిసినాం. అరవై ఏళ్ళు. అందులో నలభై నావే."

తిరిగి వస్తుంటే దారంతా ఆయన ఒక్కో చెట్టు మీదా అరచెయ్యి ఆనిస్తూ వచ్చాడు. కంబం మీద ఆనించినట్టే.

పదిహేడో రోజు

ఈరోజు ఆయన గొంతు వెంట పదకొండు పడవలు బయటికి పోయి తిరిగొచ్చాయి. అందరికంటే వెనక నూకరత్నం పడవ. రొయ్యలు పడవ నిండా. అయినా పుస్తకంలో తన లోటు కొట్టేయలేదు. "మావెన్నాళ్ళు ఊదుతాడే?" అంది. "రేపు మావకేటైనా అయితే నా దారేటి?" తప్పుపట్టలేం. అసిరయ్య మావ ఆమెను కూర్చోబెట్టి గొంతు పట్టడం నేర్పిస్తున్నాడు. ఆమె గుమ్మంటుంటే అచ్చం పొయ్యి మీద కుండ పొంగినట్టుంది. ఆకులు అటూ ఇటూ తిరిగి అయోమయంలో పడ్డాయి.

పంతొమ్మిదో రోజు

తుఫాను నెల రోజుల ముందే వచ్చింది. పట్టపగలు పదింటికి ఆకాశం నల్లబడింది. తుప్పు పట్టిన తూము తలుపుల దగ్గర అందరం ఇసుక బస్తాలు పట్టుకుని నిలబడ్డాం. కమిషనర్ గారు కూడా భుజాన బస్తా మోశారు, అది ఆయన లెక్కలో రాస్తున్నాను.

దూరాన అల లేచింది. ఇంటి ఎత్తు గోడ. అలాంటివి మూడేళ్ళ క్రితం చూశాను. ఆ ఏడు గట్టు తెగి ముప్ఫై ఇళ్ళు పోయాయి. అందులో మాదొకటి.

అల అడవి అంచుకు తగిలింది. అడవి దాన్ని ఎదిరించలేదు. అలను ఎత్తుకుంది. అల కింద చెట్లు లేచాయి, దాని వెనక చెట్లు లేచాయి, అడవి మొత్తం ఒక పెద్ద ఊపిరి పీల్చినట్టు లేచి దిగింది. లేచిన ప్రతి వరుస దగ్గరా అల కొంచెం కుంగింది. అది మా గట్టు దాకా వచ్చేసరికి నూకరత్నం కాలి వేళ్ళు మాత్రం తడిశాయి.

అలా రోజంతా. అల వెనక అల. బయట సముద్రం అడవి మీద పడి ఏడుస్తోంది, మా గట్టు దగ్గర నీళ్ళు గాబులో నీళ్ళలా ఉన్నాయి. బస్తాలు దించి అందరం తడుస్తూ అలాగే నిలబడ్డాం. పెద్దవాళ్ళు దీన్ని ఎందుకు పెంచారో ఫైలు మొదటి పేజీలో చదివాను. చదవడం వేరు.

ఇరవయ్యో రోజు

నూకరత్నం వచ్చింది. గొంతు బొంగురు పోయి ఉంది. "నిన్న సాయంత్రం నాను గుమ్మంటే నాకూ దారిచ్చినాదే అమ్మీ. వొంకరగానే ఇచ్చినాదిలే" అంది. కలం తీసుకుని "దారి" అన్న మాట కొట్టేసి పక్కన సంతకం పెట్టింది.

ఇక పుస్తకంలో రాయవలసినది ఒక్కరే మిగిలారు.

ఇరవై ఒకటో రోజు

పొద్దు వాలే ముందు అసిరయ్య మావ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఊరంతా బల్ల చుట్టూ మూగింది. కమిషనర్ గారు చెవిలో చెబుతున్నట్టుగా గట్టిగానే అన్నారు. "నీ ఇష్టం అసిరయ్యా. ఒక్క మాట రాస్తే కంబం నీది, గది నీది. ఎవరూ తప్పనరు."

నిజమే. ఆయన రాస్తే కాదనే హక్కు ఎవరికీ లేదు. నలభై ఏళ్ళ పని ఉత్తిది కాదని సముద్రమే వచ్చి సాక్ష్యం చెప్పింది. ఇంతకంటే పెద్ద రుజువు ఏ పుస్తకంలోనూ పడి ఉండదు. ఆయన కలం పట్టుకున్న తీరు చూస్తే రాస్తాడనే అనుకున్నాను.

ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని రాశాడు. నేను పుస్తకం నా వైపు తిప్పుకుని, నిబంధన ప్రకారం పైకి చదివాను.

వస్తువు: "అడివి." లోటు: "నలబై ఏళ్లు ఇది లేకుండా బతికినాము. ఆ లోటు పెట్టినోన్ని నానే."

మళ్ళీ ఒకసారి చదవమన్నారు వెనక వాళ్ళు. నూకరత్నం పుస్తకం తీసుకుని చదివింది.

నా పని నేను చేయాలి. కంబం పేరున రాసిన లోటు ఒక్కటీ మిగల్లేదు. అమ్మకం ఖాయమని కింద రాసి ముద్ర వేశాను. అసిరయ్య మావ బొడ్లోంచి పానా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదీ ఊరిదే. దీన్నీ జాబితాలో ఎక్కించమ్మా." ఎక్కించాను. చెయ్యి దాని పిడి రూపానికే వంగిపోయి ఉంది, పానా లేకపోయినా.

గది ఖాళీ చేసి ఎక్కడికి పోతావని అడిగాను. నూకరత్నం నా మీద కస్సుమంది. "ఎక్కడికో ఎందుకెల్తాడు? పడవలకి ముందర గొంతెవుడిది? మా ఈదిలో ఇల్లు సూసీసినాం."

అమ్మకం తరువాత వారానికి

పైగట్టు వాళ్ళు తలుపులు దించి, కంబాన్ని ముక్కలుగా పడవల్లో వేసుకుని పోయారు. వాళ్ళకు దారి ఇచ్చింది అసిరయ్య మావ గొంతే. తన కంబాన్ని తనే సాగనంపాడు.

ఒక్క పని మిగిలింది. అమ్మకం ఫలితం కూడా నాలుగు వైపులా చాటాలి. పడమర వైపు చాటి టీ బడ్డీ ఆయన సంతకం తీసుకున్నాను. మిగతా మూడు వైపులకు ఈసారి పడవ అవసరం లేదు. డప్పు మెడలో వేసుకుని నడిచే వెళ్ళాను. నూకరత్నం, అసిరయ్య మావ వెనక వచ్చారు. ఈసారి ఆమె నవ్వలేదు.

అడవి మధ్యలో నిలబడి డప్పు ఒక్కసారే, మెల్లగా కొట్టాను. "కొత్తగట్టు పురపాలక సంఘం వారి ప్రకటన. తీర ధ్వని స్తంభం అమ్ముడుపోయింది. అది ఇక మోగదు. మళ్ళీ కొనబోము."

నా దగ్గరి ఆకులు తిరిగాయి. వాటి వెనకవి తిరిగాయి. ఆ తెలుపు నా చుట్టూ మొదలై తూర్పుకూ, ఉత్తరానికీ, దక్షిణానికీ వరుసగా పాకుతూ పోయింది. మైళ్ళకు మైళ్ళు, కంటికి ఆనినంత మేరా, నీళ్ళూ ఆకాశమూ కలిసే చోటు దాకా అడవి మొత్తం వెండిలా తెల్లబడి, ఒక్క ఆకు కదలకుండా నా వైపు చూస్తూ నిలబడింది.

అసిరయ్య మావ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను బల్ల లేక ఆయన వీపు మీదే పుస్తకం ఆనించి, కలం తీశాను.

తూర్పు: అందింది. ఉత్తరం: అందింది. దక్షిణం: అందింది.

మూడు గడులూ నిండాయి.